తెల్లకణాలు లేని పసిబిడ్డలు



కొన్ని కుటుంబాలలో ఒకే దుఃఖం మరల మరల వస్తూ ఉంటుంది. బిడ్డ నిండు నెలలకు మంచి బరువుతో పుడతాడు. రెండు మూడు నెలలు ముద్దుగా పెరుగుతాడు. ఆ తరువాత నోటిలో తెల్లని పూత, ఆగని విరేచనాలు, మందులకు లొంగని నిమ్ము. ఏడాది నిండకముందే కన్నుమూస్తాడు. రెండవ బిడ్డకూ అదే జరిగితే ఇరుగుపొరుగువారు దిష్టి అంటారు, తల్లి పాలు మంచివి కావంటారు, పెద్దల పాపమని కూడా అంటారు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు వేసిన ప్రశ్నకు ప్రభువు ఏమి జవాబిచ్చాడో ఎరిగిన మనం ఆ మాట అనకూడదు.

ఇటువంటి మరణాలు కొన్నింటికి కారణం రక్తంలోనే ఉంటుంది. రోగక్రిములతో పోరాడే తెల్లకణాలలో టి లింఫోసైట్లు ముఖ్యమైనవి. జన్యులోపం వలన కొందరు శిశువులలో ఇవి తయారు కావు. ఈ వ్యాధిని వైద్యులు ‘స్కిడ్’ అంటారు. మొదటి కొన్ని నెలలు తల్లి నుండి వచ్చిన రక్షణ కాపాడుతుంది గనుక లోపం బయటపడదు. ఇది ఎయిడ్స్ కాదు, ఒకరి నుండి ఒకరికి అంటుకునేదీ కాదు.

అమెరికాలో 1971లో పుట్టిన డేవిడ్ వెట్టర్ అనే బాలుని అన్న ఈ వ్యాధితోనే ఏడు నెలల వయసులో చనిపోయాడు. అందుచేత డేవిడ్‌ను పుట్టగానే క్రిములు చొరని ప్లాస్టిక్ గుడారంలో ఉంచారు. పన్నెండేళ్లు అతడు అలాగే పెరిగాడు. 1983లో అక్క మూలుగను అతనికి ఎక్కించారు. అందులో దాగియున్న వైరస్ వలన 1984 ఫిబ్రవరిలో మరణించాడు.

ఇప్పుడు పరిస్థితి మారింది. మూడున్నర నెలలలోపు మూలుగ మార్పిడి జరిగిన పిల్లలలో 100కి 90 మందికి పైగా బ్రతికినట్లు 2014లో అమెరికా వైద్యులు ప్రకటించారు. ఆలస్యమై జబ్బులు ముదిరితే ఆ ఆశ తగ్గుతుంది. కాబట్టి త్వరగా గుర్తించడమే ప్రాణం.

గుర్తించడానికి మొదటి మెట్టు మామూలు రక్తపరీక్షే. మొత్తం తెల్లకణాల సంఖ్యను లింఫోసైట్ల శాతంతో గుణించి 100తో భాగించాలి. 6000 కణాలలో 20 శాతమైతే 1200. పసిబిడ్డకు ఈ సంఖ్య 3000 కంటే తక్కువగా ఉంటే పిల్లల డాక్టరుకు తప్పక చూపించాలి.

ఇంకొక సంగతి. బి.సి.జి. టీకాలో, పోలియో, రోటా చుక్కలలో బలహీనపరచిన సజీవ క్రిములుంటాయి. మామూలు బిడ్డలకు అవి మేలు చేస్తాయి, తప్పక వేయించండి. స్కిడ్ ఉన్న బిడ్డకు మాత్రం అవే ప్రమాదం. కాన్పు ఆసుపత్రిలో బి.సి.జి. పుట్టిన వెంటనే వేస్తారు గనుక, ఇంట్లో ముందు పసిబిడ్డలు చనిపోయియుంటే కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పండి.

ఈ లోపం కొన్ని రకాలలో తల్లి ద్వారా మగబిడ్డలకు వస్తుంది. మరి కొన్నింటిలో తల్లిదండ్రులిద్దరి నుండి వస్తుంది. అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశముంటుంది. మేనరికం, అక్క కూతురి పెండ్లి వంటి సంబంధాలలో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. పెండ్లి మాటలప్పుడు కట్నంతో పాటు ఇదీ ఆలోచించవలసిన విషయమే.

నారపల్లి, ఘట్‌కేసర్ వైపు కుటుంబాలకు దారి దగ్గరలోనే ఉంది. ఉప్పల్‌లోని డి.ఎన్.ఎ. కేంద్రం సి.డి.ఎఫ్.డి., పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి కలిసి, కేంద్ర ప్రభుత్వ 2021 అరుదైన వ్యాధుల విధానం క్రింద గుర్తింపు పొందిన కేంద్రంగా ఉన్నాయి. ఆ విధానంలో స్కిడ్ కూడా ఉంది. ఇటువంటి కేంద్రాల ద్వారా చికిత్సకు 50 లక్షల రూపాయల వరకు సహాయం ఇచ్చే ఏర్పాటు 2022లో జరిగింది. పెద్ద బిడ్డలోని లోపం ఏ జన్యువులో ఉందో తెలిస్తే, తరువాతి గర్భంలోనే పరీక్షించి, బిడ్డ పుట్టగానే చికిత్సకు సిద్ధపడవచ్చు.

సంఘస్థులకు ఒక మనవి. ఇటువంటి బిడ్డ ఉన్న ఇంటికి జలుబు, దగ్గు ఉన్నవారు వెళ్లవద్దు. ముద్దుపెట్టుకోవద్దు. వసారాలో నిలిచి ప్రార్థించినా దేవుడు వింటాడు.

బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులారా, ఆ కాగితాలు చూస్తే మీకు దుఃఖం పొంగుతుంది, నిజమే. అయినా వాటిని పారవేయకండి. రాబోయే బిడ్డ ప్రాణం వాటిలోని ఒక్క అంకె మీద ఆధారపడి ఉండవచ్చు.