నరసరావుపేట ఇంటికి శాన్‌ఫ్రాన్సిస్కో ఎండ

ఇంటి రెండరింగులో వెలుగు తేడాగా ఉంటే మనవాళ్ళు ముందు లైటు పెంచుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఊరు. త్రీడీఎస్ మ్యాక్స్ పాత డేలైట్ సిస్టంలో మనం మార్చకపోతే శాన్‌ఫ్రాన్సిస్కో ఎండే పడేది. అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఏడాదంతా దక్షిణానే. నరసరావుపేట ఉన్నది సుమారు 16 డిగ్రీల అక్షాంశం మీద. మే రెండో వారం నుంచి జులై నెలాఖరు దాకా ఇక్కడ సూర్యుడు రోజంతా ఉత్తరం వైపే ఉంటాడు. ఎండ ఉత్తరపు గోడకి, నీడ దక్షిణపు గోడకి. మధ్యాహ్నం బొమ్మలో మాత్రం ఇది తిరగబడుతుంది.

ఆ బొమ్మ చూసే కదా ఊళ్ళో అమ్మానాన్నలు సన్‌షేడ్ ఎక్కడ వేయించాలో తేల్చుకునేది! వాస్తుకైతే దిక్సూచి పెట్టి మరీ చూస్తాం, సాఫ్ట్‌వేర్లో ఉత్తరం ఎటుందో చూడమా? ఊరు, దిక్కు, తేదీ సరిచేశాక కూడా చీకటిగానే ఉంటే, అప్పుడు ఎక్స్‌పోజరు, గామా సంగతి చూడండి. కాదంటారా?