ఇంతకీ అది కృతా, కీర్తనా?

మొన్న ఎదురింట్లో పేరంటం. ఎవరి పిల్లో త్యాగరాజస్వామి వారి ‘నగుమోము’ పాడిందట. “మంచి కీర్తన పాడావమ్మా” అన్నదట ఒక ముత్తైదువ. “కీర్తన కాదండీ, కృతి” అన్నదట ఆ పిల్ల ఠక్కున. పదిమందిలో పాపం ఆ ముత్తైదువ మొహం చిన్నబోయిందట. మా ఆవిడ ఇంటికి వస్తూనే, “ఎమ్మే తెలుగు చదివారుగా, ఏమిటా తేడా?” అని నన్ను నిలవేసింది.

పాటలో దేనికి పెద్దపీటో చూడమన్నాను. కీర్తనలో సాహిత్యానికి. పల్లవి, ఆపైన చరణాలు. చరణాలన్నీ చాలామటుకు ఒకే వరుస. ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టే గనుక భజనలో పదిమందీ అందుకోగలరు. రామదాసు కీర్తనలు అలాంటివే. కృతిలో పెద్దపీట రాగానికి. పల్లవి, అనుపల్లవి, చరణం. ఒకే పల్లవి మీద సంగతి వెంట సంగతి వేసి రాగాన్ని విప్పుతారు. అనుపల్లవి వరుస చరణం చివర మళ్లీ వినిపించిందా, కృతి అని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. త్యాగయ్యగారు (1767–1847) రెండూ రచించారు. ‘నగుమోము’ కృతే; ఆయన దివ్యనామాలు కీర్తనలు. కాని మన తెలుగిళ్లలో అన్నిటినీ కలిపి కీర్తనలనే అంటూ వచ్చాం.

వర్ణంతో పేచీ లేదు. మాటలు తక్కువ, స్వరాలు ఎక్కువ, కచేరీకి తొలిపలుకు.

చిక్కల్లా పదానికీ జావళికీ. రెండింటా శృంగారమే. అయితే 17వ శతాబ్దిలో క్షేత్రయ్య చెప్పిన పదం చౌకకాలంలో సాగుతుంది. 19వ శతాబ్దిలో వెలిగిన జావళిది చురుకు నడక, సరసపు ధోరణి. క్షేత్రయ్య పదాలను నేను ఏళ్ల తరబడి తరగతిలో గడగడ చదివి, నాయిక దెప్పుతున్నది, అంతే అని చెప్పినవాణ్ణి. ఒకనాడు, సంగీతం నేర్చిన మా మేనత్త అలాంటి పదమే ఒకటి తీరిగ్గా పాడుతుంటే విన్నాను. పల్లవి మొదటిసారి దెప్పిపొడుపే. రెండోసారికి దిగులైంది. మూడోసారికి క్షమించేసినట్టు వినిపించింది. మాటలు అవే! ఆ నిదానం తీసేసి జావళిలా పరుగెత్తిస్తే ఇక మిగిలేది నేను తరగతిలో చెప్పిన దెప్పిపొడుపే. అంతమంది పిల్లలకు సగమే చెప్పానే అని ఆ పూట అన్నం సయించలేదు.

“అదంతా సరే, కీర్తన అన్న ముత్తైదువది తప్పా, కాదా?” అంది మా ఆవిడ.

“వాడుకలో తప్పేమీ లేదు. ఇంతకీ ఎవరా ముత్తైదువ?”

జవాబు చెప్పకుండా కాఫీ కలపడానికి లోపలికి వెళ్లిపోయింది.