ప్రెగ్నెన్సీ యాప్‌లో ‘ఇక ఆపు’ అని చెప్పే బటన్ ఎక్కడ?

ప్రెగ్నెన్సీ ట్రాకర్ యాప్‌లో మనం ఏం చూస్తాం? డిజైన్ బాగుందా, యాడ్స్ ఎక్కువా, తెలుగు ఉందా? నేనూ అవే చూసి, ఒక యాప్‌ని మా అక్క ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేశాను.

ఐదో నెలలో అక్కకి అబార్షన్ అయింది. హాస్పిటల్ నుంచి వచ్చిన మూడో రోజు పొద్దున్నే నోటిఫికేషన్: ‘కంగ్రాట్స్! మీ బేబీకి 21 వారాలు’. అక్క ఏమీ అనలేదు. ఫోన్ బోర్లా పెట్టేసింది.

సెట్టింగ్స్ మొత్తం వెతికాను. థీమ్ మార్చొచ్చు, బేబీ ముద్దుపేరు మార్చొచ్చు. బిడ్డ దక్కలేదని చెప్పే ఆప్షన్ మాత్రం లేదు. కోపంతో యాప్ తీసేశాను. రెండు రోజులకే ఈమెయిల్స్ మొదలయ్యాయి. అంతకన్నా బాధేంటంటే, బిడ్డ గురించి అక్క రాసుకున్న నోట్స్ యాప్‌తో పాటే పోయాయి. తీసేసే ముందు నేను తనని అడగలేదు.

నిజానికి ఈ యాప్స్‌కి కడుపులో ఏం జరుగుతోందో తెలీదు. ఆఖరి పీరియడ్ మొదలైన రోజుకి 280 రోజులు కలిపి డ్యూ డేట్ లెక్కేసి, ఆ క్యాలెండర్ ప్రకారం మెసేజ్‌లు పంపుతాయి, అంతే. మనం చెప్పకుండా యాప్ కనిపెట్టాలని నేను అనను. అది ప్రైవసీకి ఇంకో సమస్య. చెప్పినప్పుడు వింటే చాలు.

ఇది కొత్త సమస్య కాదు. 2018లో వాషింగ్టన్ పోస్ట్‌లో పనిచేసే గిలియన్ బ్రాకెల్, బిడ్డ కడుపులోనే చనిపోయాక కూడా వస్తున్న యాడ్స్ గురించి టెక్ కంపెనీలకి బహిరంగ లేఖ రాశారు. 2022లో గూగుల్ ప్రెగ్నెన్సీ, పేరెంటింగ్ యాడ్స్ తగ్గించుకునే సెట్టింగ్ ఇచ్చింది. దక్షిణాఫ్రికా ప్రభుత్వ సర్వీస్ మామ్‌కనెక్ట్‌లో అయితే, బిడ్డ దక్కలేదని తల్లి చెబితే మామూలు మెసేజ్‌లు ఆగిపోతాయి. కావాలంటే ధైర్యం చెప్పే మెసేజ్‌లు అందుతాయి. ఎస్సెమ్మెస్‌తో అయ్యే పనికి ఏఐ ఎందుకు?

నా దృష్టిలో మంచి డిజైన్ ఇది: ఆ ఆప్షన్ రెండు ట్యాప్స్‌లో దొరకాలి. కారణం అడగకూడదు. నోటిఫికేషన్లు, ఈమెయిల్స్, భర్త ఫోన్‌కి వెళ్లే అప్‌డేట్స్ అన్నీ ఒకేసారి ఆగాలి. నోట్స్, స్కాన్ ఫొటోలు ఉంచుకోవాలా వద్దా అన్నది తల్లి ఇష్టం.

ఇకనుంచి ఇలాంటి యాప్ రివ్యూ చేస్తే ముందు ఆ బటనే వెతుకుతాను. మీలో యాప్స్ తయారుచేసేవాళ్లుంటే, డ్యూ డేట్ అడిగే స్క్రీన్ డిజైన్ చేసిన రోజే ఈ స్క్రీన్ కూడా డిజైన్ చేయండి.