ఫిల్టర్ బెడ్ల దగ్గర కాదు, చివరి పంపు దగ్గర చూడండి



పట్టణాల్లో తాగునీటి గురించి ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. కొత్త ఫిల్టర్ ప్లాంట్లు కడితే నీళ్ల బాధ తీరిపోతుందని రచయిత ధీమాగా రాశారు. ఒక మునిసిపాలిటీ నీటి విభాగంలో ఫిట్టర్‌గా చేరి, రిటైరయ్యేదాకా పైపుల మధ్యే బతికినవాణ్ణి గనక ఆ ధీమా నాకు లేదు. మన ఊళ్లలో నీళ్లు పాడయ్యేది ఎక్కువగా ప్లాంటు గేటు దాటాకే. అలాంటప్పుడు గేటు లోపల పరీక్ష చేసి బాగున్నాయని రాసుకుంటే ఏం లాభం? పరీక్ష జరగాల్సింది వీధి చివరి ఇంటి పంపు దగ్గర.

ప్లాంటులో జరిగే పనికి నేను వంక పెట్టను. చెరువు నీళ్లలో పటిక కలిపి, మడ్డి దిగాక ఇసుక బెడ్ల మీద వడకట్టి, క్లోరిన్ పట్టించి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కిస్తారు. చాలాచోట్ల ఇదంతా సవ్యంగానే సాగుతుంది. శాంపిలు తీసేదీ, రిజిస్టరులో రాసేదీ అక్కడే.

అసలు కథ వాల్వు కట్టేశాక మొదలవుతుంది. మనకు పంపులొచ్చేది పూటకో గంట, కొన్ని ఊళ్లలో రోజు విడిచి రోజు. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపూ చిల్లుంటే నీళ్లు బయటికి పోతాయి. అది నష్టమే గానీ ప్రమాదం కాదు. వాల్వు కట్టేశాక పల్లంలో ఉన్న ఇళ్లవాళ్లకు మిగిలిన నీళ్లు దిగిపోతాయి, మెరక వీధుల్లో పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లులోంచి బయటి తడి లోపలికి వస్తుంది. దీనికి తోడు ఇంటింటా మోటార్లు. పంపుకే నేరుగా మోటారు బిగించి లాగితే, బోండాంలో స్ట్రా వేసి పీల్చినట్టే, అడుగున ఉన్నదంతా పైకి రావాల్సిందే. మోటారు పెట్టినవాళ్లను తిట్టి ప్రయోజనం లేదు. పక్కింట్లో మోటారుంటే మనింటికి చుక్క రాదు, అందుకే మనమూ పెడతాం.

బయట ఉన్న ఆ తడి ఏమిటో తెలియాలంటే మీ వీధి సైడుకాల్వలోకి ఒకసారి తొంగిచూడండి. నల్లటి బురదలో, కవర్లు చుట్టుకుని, తుప్పుపట్టిన జీఐ పైపు ఒకటి కాల్వకు అడ్డంగా పోతుంటుంది. లీకైన చోట ఎవరో సైకిల్ ట్యూబు ముక్క బిగించి కట్టుంటారు. అది ఏదో ఇంటి మంచినీళ్ల కనెక్షను. తాగునీటి పైపుకీ మురుగు లైనుకీ మధ్య మూడు మీటర్ల ఎడం ఉండాలని కేంద్రం మాన్యువల్లో రాసుంది. మూడు మీటర్లు! కొన్ని పేటల్లో వీధి వెడల్పే అంత లేదు.

2018 మార్చిలో పాతగుంటూరులో అతిసారం విరుచుకుపడి ప్రాణాలు పోయింది ఫిల్టర్ ప్లాంటు లేక కాదు. పంపుల నీళ్లలో మురుగు కలిసి. హైదరాబాద్ భోలక్‌పూర్‌లో 2009 మేలో జనాన్ని బలిగొన్నదీ పైపుల్లో వచ్చిన కలుషిత నీళ్లే.

ఇదంతా ఒక ఫిట్టరు మాటగా కొట్టిపారేయకండి. కర్ణాటకలో హుబ్బళ్లి-ధార్వాడలో 2008 నాటికి కొన్ని వార్డులకు ఇరవై నాలుగు గంటలూ నీళ్లివ్వడం మొదలుపెట్టారు, మిగతా వార్డులకు అప్పట్లో పాత పద్ధతే. ఊరొకటే, నీళ్లొకటే, తేడా సరఫరాలోనే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (బర్క్‌లీ) పరిశోధకులు రెండువైపులా పంపుల దగ్గర శాంపిళ్లు తీసి, 2013లో ఫలితాలు ప్రకటించారు. మలంతో కలిసిందనడానికి గుర్తయిన ఈకోలీ బ్యాక్టీరియా, నిరంతరం నీళ్లొచ్చే పంపుల శాంపిళ్లలో 0.7 శాతంలో కనబడింది. ఆగి ఆగి వచ్చే పంపుల్లో 31.7 శాతం! వానాకాలం పొడవునా పంపు దగ్గర నీళ్లు మరింత చెడింది కూడా ఆగి ఆగి వచ్చే వార్డుల్లోనే.

అయితే ఇరవై నాలుగు గంటలూ నీళ్లిస్తే జబ్బులన్నీ పోతాయని కాదు. అదే ఊళ్లో చేసి తర్వాత ప్రకటించిన మరో అధ్యయనంలో చిన్నపిల్లల మామూలు విరేచనాల్లో పెద్ద తేడా కనబడలేదు. పేద ఇళ్ల పిల్లల్లో రక్త విరేచనాలు మాత్రం తగ్గాయి, టైఫాయిడ్ కేసులూ తగ్గాయి. టైఫాయిడ్‌తో నెల రోజులు మంచం పట్టినవాళ్లున్న ఇంట్లో అడిగితే ఆ తగ్గుదల విలువ చెబుతారు.

నిరంతర సరఫరాకు నీళ్లెక్కడున్నాయి అని మా ఇంజనీర్లు అడిగేవారు. ఉన్న నీళ్లలో లీకులపాలయ్యేదెంతో, మీటరు లేక పొర్లిపోయేదెంతో ముందు తేలాలి. పూరీలో 2021 జులైలో ఊరంతటికీ పంపు నీళ్లు నేరుగా తాగేలా ఇరవై నాలుగు గంటలూ ఇవ్వడం మొదలుపెట్టారు. మన కరీంనగర్‌లోనూ ఒక కాలనీలో నిరంతర సరఫరా మొదలైంది. ఒప్పుకుంటాను, ఇవన్నీ డబ్బుతో, ఏళ్లతో కూడిన పనులు.

అందాకా మనం ఆగక్కర్లేదు. లైన్‌మన్ చేతిలో ఇమిడే చిన్న కిట్టుంది. గాజుగొట్టంలో పంపు నీళ్లు పట్టి, మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది. పక్కనున్న రంగుపట్టీతో పోల్చి ఎంతుందో చెప్పొచ్చు. రెండు నిమిషాల పని. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారతీయ ప్రమాణం. ట్యాంకు దగ్గర బాగా ఉండి చివరి పంపు దగ్గర రంగే తిరగలేదంటే దారిలో ఏదో ఆ క్లోరిన్‌ను తినేసిందన్నమాట. అనుమానమున్నచోట ఇంకో సీసా ఉంది. అందులో గీత దాకా నీళ్లు పోసి ఒకటి రెండు రోజులుంచితే, మురుగు కలిసిన నీళ్లయితే నల్లగా మారుతుంది. పల్లెల్లో జల్ జీవన్ మిషన్ కింద ఇలాంటి పరీక్షలు ఊరికి కనీసం ఐదుగురికి, వీలైతే ఆడవాళ్లకే, నేర్పాలని నియమం పెట్టారు. పట్నంలో పేటల ఆడవాళ్లకు ఎందుకు నేర్పరు? డబ్బున్నవాళ్లు క్యాను నీళ్లు కొనుక్కుంటారు. పంపు నీళ్లే గతి అయినవాళ్లు ఆ పేటల్లోనే ఉన్నారు.

కాబట్టి అడిగేది ఇదీ: కొత్త ప్లాంటుకు టెండరు పిలిచేముందు ప్రతి వార్డులో మెరకన, చివరన ఉన్న పంపుల దగ్గర వారం వారం క్లోరిన్ చూడాలి. వానాకాలంలో రోజూ చూడాలి. పంపు వదిలిన మొదటి నిమిషాల్లోనే శాంపిలు పట్టాలి, తేరుకున్నాక కాదు. ఆ ఫలితం వార్డు సచివాలయం గోడ మీద వీధి పేరుతో సహా రాయాలి. సున్నా వచ్చిన వీధి పేరు గోడకెక్కిందంటే ఫిట్టరు కంటే ముందు కౌన్సిలరే ఆ కాల్వ దగ్గరికొస్తాడు.

ఇట్లు,
నీటి విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు,
గుంటూరు జిల్లా