గాలి ముదరకముందే తెరచాప తగ్గించండి

నల్లగొండ, పాలమూరు పిల్లలకు సముద్రంతో ఏం పని? మనకు పెద్ద నీళ్లంటే నాగార్జునసాగర్, లేదంటే సోమశిల దగ్గర కృష్ణమ్మ. లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసి రావడమే మన నౌకాయానం. అయినా సరే, డిగ్రీ పట్టుకుని ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు తెరచాప పడవ మీద బతుకు ఎలా నడుస్తుందో తెలిస్తే పనికొస్తుందని నా నమ్మకం.

2017 సెప్టెంబర్ 10న ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే 56 అడుగుల పడవలో గోవా నుంచి బయల్దేరారు. భూగోళాన్ని చుట్టి 2018 మే 21న మళ్లీ గోవా చేరారు. మొత్తం 254 రోజులు, దాదాపు 21,600 నాటికల్ మైళ్లు. వర్తికా జోషి నాయకురాలు. ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. హైదరాబాద్‌లో సముద్రం లేదు, గమనించండి.

‘వాళ్లకు నేవీ జీతం ఇచ్చింది, మాకెవరిస్తారు?’ అంటారేమో. నిజమే. అందుకే సాహసం సంగతి పక్కన పెడదాం. పడవలో ఉన్న సరుకు కొంచెం, ఒడ్డు ఏ రోజు కనిపిస్తుందో కచ్చితంగా చెప్పలేరు. మీ పరిస్థితి కూడా అదే కదా! అలాంటప్పుడు వాళ్లు రోజును ఎలా నడుపుతారో చూద్దాం.

తేదీ ముందే రాసుకోండి

గాలి పెరిగేకొద్దీ తెరచాప వైశాల్యాన్ని కుదిస్తారు. దీన్ని రీఫింగ్ అంటారు. నావికుల్లో పాత సూత్రం ఒకటుంది: తగ్గించాలేమో అన్న ఆలోచన మొదటిసారి వచ్చినప్పుడే తగ్గించెయ్యాలి. గాలి ముదిరాక స్తంభం దగ్గరికి వెళ్లడమే ప్రమాదం.

మీ దగ్గరున్న పైసలు ఎన్ని నెలలకు సరిపోతాయో ఇవాళే లెక్క వేయండి. ‘ఫలానా తేదీ లోపు ఆఫర్ రాకపోతే దొరికిన చిన్న పనిలో చేరి, రాత్రిపూట ప్రిపేర్ అవుతాను’ అని కాగితం మీద రాసి ఇంట్లో చూపించండి. గ్రూప్స్ రాసేవాళ్లకూ ఇదే మాట. ఎందుకంటే పదో నెలలో చేతిలో రూపాయి లేనప్పుడు, ‘రెండు లక్షలు కట్టు, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తా’ అనేవాడు దేవుడిలా కనిపిస్తాడు. అప్పుడు అమ్ముడుపోయేది నాయిన అరెకరం. డబ్బు తీసుకున్నోడి ఫోన్ రేపు స్విచ్చాఫ్ కావచ్చు. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్‌తో లోపలికి వెళ్లినా, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోతుంది, పరువూ పోతుంది. ఆ నిర్ణయం తుపానులో తీసుకునేది కాదు, ప్రశాంతంగా ఉన్నప్పుడే తీసుకోవాలి.

మంచినీళ్లు, మంచి గంటలు

దూరప్రయాణం చేసే పడవలో మంచినీళ్లు కొలిచి వాడతారు. గిన్నెలకు ఉప్పునీళ్లు, తాగడానికి మంచినీళ్లు. వాన పడితే పట్టుకుంటారు. ఫ్లోరైడ్ నీళ్ల కాలం చూసిన నల్లగొండకు మంచినీళ్ల విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు. మీ బుర్ర చురుగ్గా ఉండే రెండు మూడు గంటలు కూడా మంచినీళ్ల లాంటివే. వాటిని కోడింగ్‌కో, ఆప్టిట్యూడ్‌కో వాడండి. ఫారాలు నింపడం, నోటిఫికేషన్లు చూడటం అలసిపోయిన గంటల్లో చేసినా నడుస్తుంది.

రాత్రి కూడా పడవలో ఎవరో ఒకరు మెలకువగా ఉండాల్సిందే. అందుకని మూడు నాలుగు గంటల చొప్పున వంతులు వేసుకుంటారు. తన వంతు అయిపోయినవాళ్లు నిద్రపోవడమూ డ్యూటీనే. అమీర్‌పేట రూమ్‌లో నలుగురుంటే నలుగురూ అవే సైట్లు వెతకడం ఎందుకు? ఒకరు నోటిఫికేషన్లు చూడండి, ఒకరు మాక్ ఇంటర్వ్యూ పెట్టండి. వారానికోసారి వంతులు మార్చుకోండి.

లాగ్‌బుక్ పెట్టండి

పడవ ఎక్కడుంది, ఎటు పోతోంది, గాలి ఎంత, వేగం ఎంత అనేది క్రమం తప్పకుండా పుస్తకంలో రాస్తారు. జీపీఎస్ మొరాయించినా ఆఖరి నమోదును బట్టి ఎక్కడున్నారో అంచనా కట్టొచ్చు. మీరూ ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, కంపెనీ, ఏ రౌండ్‌లో ఆగారు, ఏ ప్రశ్నకు తడబడ్డారు. ముప్పై అప్లికేషన్లు దాటితే సంగతి దానంతట అదే బయటపడుతుంది. అసలు ఫోనే రాకపోతే రెజ్యూమె చూసుకోవాలి. రాతపరీక్షలో ఆగితే సాధన, ఇంటర్వ్యూలో ఆగితే మాట. ఈ లెక్క లేకుండా ఇంకో కోర్సుకు ఫీజు కట్టకండి.

రిపేరు నేర్చుకోండి

నడిసముద్రంలో మెకానిక్ రాడు. వంట చేసే మనిషే తెరచాప కుట్టాలి, పంపు విప్పాలి. ‘నా బ్రాంచ్ వేరు’ అంటే కుదరదు. మీ ఊళ్లో బోరు మోటారు స్టార్టర్ ఊరికే ట్రిప్ అవుతోందా? సింగిల్ ఫేజింగా, ఓవర్‌లోడ్ రిలే సెట్టింగా, మోటారే జామ్ అయిందా? కరెంటు ఆపించి, తెలిసిన ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి కారణం కనిపెట్టండి, చేసింది రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి, కొనుక్కొచ్చిన ప్రాజెక్టు కన్నా అది వెయ్యి రెట్లు నయం.

చివరగా ఒక్క మాట. తారిణి ప్రణాళికలో మారిషస్ లేదు. హిందూ మహాసముద్రంలో స్టీరింగ్ పాడైతే 2018 ఏప్రిల్‌లో పోర్ట్ లూయిస్‌లో ఆగి, బాగు చేయించుకుని కదిలారు. అయిదు దశల యాత్ర ఆరు దశలైంది. దాన్ని ఓటమి అని ఎవరూ అనలేదు. మీరూ ఏడాది పాటు వేరే పనిలో ఆగాల్సి వస్తే ఆగండి. అక్కడా లాగ్‌బుక్ రాస్తూ ఉండండి. ముందుగా ఇవాళ రాత్రి మాత్రం, చేతిలో ఉన్న మొత్తం, ఆ తేదీ, రెండూ కాగితం మీద పెట్టండి.