కుర్చీ వేయండి, మాట వాళ్లతోనే మాట్లాడండి

తెనాలి వర్తకులకు, ఇంట్లో పెద్దవాళ్లున్న కుటుంబాలకు మనవి



బోస్ రోడ్డులో, గాంధీ చౌక్ చుట్టుపక్కల, మారీసుపేటలో కొట్లు నడుపుకుంటున్న మనకు పొద్దున పదింటికి మెట్లెక్కేది ఎవరో తెలుసు. ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. కుర్రవాళ్లు సరుకులు ఫోన్లో తెప్పించుకుంటున్నారు, బట్టలు ఫోన్లో చూసుకుంటున్నారు. కొల్లిపర నుంచో వేమూరు నుంచో బస్సెక్కి వచ్చి, కందిపప్పు అరచేతిలో పోసుకుని చూసి, నాలుగు మాటలాడి కొనే అలవాటు ఈ పెద్దవాళ్లకే మిగిలింది. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవారు పది కోట్ల పైచిలుకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి పాలు దేశం సగటు కన్నా ఎక్కువగానే ఉండేది. అందులోనూ మన డెల్టా ఊళ్లలో పిల్లలు హైదరాబాదుకో, బెంగుళూరుకో, అమెరికాకో వెళ్లిపోయి, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లే ఉంటున్న వీధులు ఎన్నో. మన కొట్లు మాత్రం పాతికేళ్లవాడు పరుగున వచ్చి పరుగున పోతాడన్నట్టే ఉన్నాయి.

నేనూ ఈ ఊళ్లో కొట్టు పెట్టుకున్నవాణ్ణే. అద్దె, కరెంటు బిల్లు, జీతాల సంగతి ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. అందుకే ఖర్చు పెద్దగా లేని పనులే ఇక్కడ రాస్తున్నాను. పెద్దవాళ్లు మనల్ని తగ్గింపు అడగడం లేదు. వాళ్లకు కావలసింది కాస్త తీరిక, కూర్చునే చోటు, తమ మొహం చూసి చెప్పే మాట.

ముందు ఆ మాట సంగతే చూడండి. తల్లీకూతుళ్లు బట్టల కొట్టుకొస్తారు. చీర తల్లికి, డబ్బులూ తల్లివే. గుమాస్తా మాత్రం కూతురి వైపు తిరిగి, "మామ్మగారికి ఏ రంగు కావాలంటండీ?" అని అడుగుతాడు. ఆవిడ అక్కడే ఉంది. చెవులూ వినిపిస్తాయి, రంగూ తెలుసు. కానీ ఆ ప్రశ్నతో ఆవిడ ఆ బేరంలోంచి బయటికి పోయినట్టే. రెండు చీరలు చూసి, "ఏదో ఒకటి తీసుకోవే" అని ఊరుకుంటుంది. మందుల షాపులో, ల్యాబులో, సెల్‌ఫోన్ల షాపులో ఇదే తంతు. ఎవరి వస్తువో వాళ్లను అడగాలి. పక్కన వచ్చినవాళ్లు జవాబు చెప్పబోయినా మన చూపు పెద్దావిడ మీదే ఉండాలి.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నని, కీచు ధ్వనులు. అందుకని అరిచి చెబితే వినపడదు, పైగా కసురుకున్నట్టుంటుంది. పాటల స్పీకరు కాస్త తగ్గించి, ఎదురుగా నిలబడి, నిదానంగా చెబితే అందుతుంది. కుర్రాడికి ఈ ఒక్క సంగతి నేర్పడానికి పది నిమిషాలు పట్టదు.

ఇక మెట్లు. రోడ్డుకీ కొట్టుకీ మధ్య మురుగు కాలవ, దాని మీద కదిలే నాపరాయి, ఆ పైన అడుగెత్తు మెట్టు. వాలు కట్టండి అని తేలిగ్గా అనేస్తారు. చక్రాల కుర్చీ దిగే వాలుకి లెక్క ఒకటికి పన్నెండు, అంటే అడుగెత్తుకి పన్నెండడుగుల పొడవు. బోస్ రోడ్డులో అంత జాగా ఎవరి ముందుందండీ? జాగా ఉన్నవాళ్లు తప్పక కట్టించండి. లేనివాళ్లు అడుగెత్తు మెట్టును రెండు ఆరంగుళాల మెట్లు చేయించండి, పక్కన గోడకి ఒక ఇనుప కడ్డీ బిగించండి, నాపరాయి కదలకుండా సిమెంటు పెట్టించండి. లోపల తడిగుడ్డ పెట్టిన టైల్సు మీద, ఆరేదాకా, ఎవరినీ రానివ్వకండి. తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లు చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు. పరుపుల మీద కూర్చోబెట్టి చీరలు చూపించే కొట్లలో నాలుగు కుర్చీలు కూడా వేయండి. చేతులున్న కుర్చీలే వేయండి, లేచేటప్పుడు ఆసరా ఆ చేతులే. బాత్రూము ఉందా అని అడిగితే లేదనకండి. షుగరు ఉన్నవాళ్లు ఆపుకోలేరు, అడగడానికీ మొహమాటపడతారు.

మందుల షాపుల గురించి కొంచెం ఎక్కువే రాయాలి, ప్రాణాల మీదికి వచ్చే పొరపాట్లు అక్కడే మొదలవుతాయి కనక.

పది బిళ్లల షీటులో నాలుగే కావాలంటే కత్తెరతో కోసి ఇస్తాం. ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచి నంబరు చాలా షీట్ల మీద ఒక చివరే ఉంటాయి. ఆ చివర షాపులో మిగిలిపోతే ఇంటికెళ్లిన ముక్క మీద కొన్నిసార్లు మందు పేరు కూడా సగమే ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఆ ముక్క డబ్బాలో దొరికితే అదేమిటో ఎవరికీ తెలియదు. కోయక తప్పకపోతే చిన్న కవరులో వేసి పేరు, తేదీ రాయండి.

అంతకన్నా ప్రమాదం కంపెనీ మారడం. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌నే చూడండి. అదే మందును ఎన్నో కంపెనీలు ఎన్నో పేర్లతో అమ్ముతాయి. పాతది లేక ఇంకో కంపెనీది ఇస్తాం. పెద్దాయన మందును గుర్తుపట్టేది షీటు రంగును బట్టి. ఇంట్లో పాత షీటులో ఇంకా ఐదు ఉన్నాయి, కొత్త షీటు వేరే రంగు. డాక్టరుగారు కొత్త మందేదో కలిపారనుకుని రెండూ వేసుకుంటాడు. బీపీ పడిపోయి బాత్రూములో తూలి పడితే అందరం వయసైపోయింది కదా అనుకుంటాం. కంపెనీ మార్చినప్పుడల్లా "పాతదాని బదులు ఇది, రెండూ వేసుకోవద్దు" అని నోటితో చెప్పండి, కవరు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. 1-0-1 అని కాదు, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని. అర నిమిషం పని. వెనకాల బారు ఉన్నా సరే ఆ అర నిమిషం తీయండి, బారులో వాళ్లకూ ఇంట్లో పెద్దవాళ్లున్నారు.

ల్యాబులవారికి ఒకటే మాట. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చిన షుగరు మనిషిని టోకెన్ వరస చెప్పి తొమ్మిదిన్నర దాకా కూర్చోబెట్టకండి. మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లకు తిండి ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. వాళ్లను ముందు పిలవండి.

డబ్బుల దగ్గరకొద్దాం. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నాలుగు వేలు. ఒకటో తేదీన గ్రామ, వార్డు సచివాలయాల వాళ్లు ఇంటికొచ్చి నోట్లు చేతిలో పెట్టి వెళ్తున్నారు. ఆ నోట్లు పట్టుకొచ్చిన మనిషికి "చిల్లర లేదు, ఫోన్‌పే చెయ్యండి" అనడం ఏం న్యాయం? పది రూపాయల నాణెం చెల్లదని తిప్పి పంపడం మరీ అన్యాయం. పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. మనమే తీసుకోకపోతే ఆ ముసలమ్మ వాటిని ఎక్కడ మార్చుకోవాలి?

ఫోనున్న పెద్దవాళ్లతో ఇంకో చిక్కు. "నువ్వే నొక్కు నాయనా" అని ఫోను గల్లా దగ్గర కుర్రాడి చేతికిచ్చి, పిన్ను గట్టిగా చెప్పేస్తారు. నమ్మకంతోనే చెబుతారు. కానీ ఆ నంబరు వెనకున్న నలుగురి చెవినా పడుతుంది. ఆ ఫోను తీసుకోకండి. "పిన్ను మీరే నొక్కండి మామ్మగారూ, నేను చూడను" అని పక్కకి తిరగండి. ఎవరైనా ఇప్పటికే మోసపోయి మీ ముందు బావురుమంటే, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను కలిపి ఇవ్వండి. డబ్బు చేతులు మారిపోకముందే చెబితేనే ఆపడానికి వీలుంటుంది.

బ్యాంకుల గురించి వేరే కోరేదేమీ లేదు. పెద్దవాళ్లకు కౌంటరు దగ్గర ముందు వరస, డెబ్బై దాటినవారికి ఇంటి దగ్గరే డబ్బు ఇచ్చి పుచ్చుకునే ఏర్పాటు చేయాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో ఆదేశించింది. అది మీ శాఖలో అమలవుతోందా అని ఖాతాదారులు మేనేజరుగారిని అడగాలి.

నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది ఇళ్లకెళ్లి చేసే రిపేర్ల సంగతి. నీళ్ల ఫిల్టరు, ఇన్వర్టరు, ఏసీ. ఇంట్లో ఇద్దరే పెద్దవాళ్లు. వచ్చినతను ఫిల్టరు విప్పి, "మెంబ్రేన్ పోయిందండీ, పంపు కూడా మార్చాలి" అంటాడు. నిజంగా పోయిందో లేదో వాళ్లకు తెలిసే దారి లేదు. చెప్పినంతా ఇచ్చి, సాయంత్రం కొడుకు ఫోను చేస్తే చెప్పడానికి భయపడతారు, కోప్పడతాడేమోనని. పోయిన వేసవిలో మా వీధిలోనే ఇలా జరిగింది. పంపు మార్చినట్టు బిల్లు, లోపల చూస్తే పాత పంపే. సర్వీసు నడిపే సోదరులారా, పని మొదలుపెట్టే ముందే ఎంతవుతుందో కాగితం మీద రాసివ్వండి. పెద్దవాళ్లు సరేనంటే వాళ్ల పిల్లలకు ఆ కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. తీసేసిన పాత భాగం వాళ్ల చేతిలోనే పెట్టి రండి. నిజాయితీగా పనిచేసేవాడికి దీనివల్ల నష్టం లేదు. డాలస్‌లో ఉన్న కూతురు మరుసటి ఏడాది కూడా ఆ మనిషినే పిలుస్తుంది, పక్కింటివాళ్లకూ అతని నంబరే ఇస్తుంది.

"పెద్దవాళ్లు సరేనంటే" అని ఊరికే రాయలేదు. తల్లిదండ్రులు ఏం కొన్నారో పిల్లలందరికీ తెలియాలని ఏమీ లేదు. అమ్మ మనవడికి ఉంగరం చేయిస్తోందో, గుడికి ఇస్తోందో, అది ఆవిడ ఇష్టం.

బిల్లు తప్పకుండా ఇవ్వండి. బిల్లు ఇవ్వకపోవడం, పాడైన సరుకును గడువులోగా వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపారం. గడువు రాయకపోతే ముప్పై రోజులు. మెషీను కాగితం మీది అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. గ్యారంటీ ఉన్న వస్తువుకి పెన్నుతో రాసిన బిల్లు కూడా జతచేయండి.

ఇదంతా చేస్తే బేరం నెమ్మదిస్తుందని కొందరు మిత్రులు అన్నారు. నిజమే, పొద్దున రెండు గంటలు కాస్త నెమ్మదిస్తుంది. నెదర్లాండ్స్‌లో జంబో అనే సూపర్ మార్కెట్ సంస్థ 2019లో, తొందర లేనివాళ్లు కబుర్లు చెప్పుకుంటూ బిల్లు వేయించుకోవడానికి విడిగా ఒక కౌంటరు పెట్టింది. ఒంటరి పెద్దవాళ్లను మనసులో పెట్టుకుని చేసిన పని అది. ఆ తర్వాత ఇంకా చాలా దుకాణాల్లో పెట్టింది. వాళ్లు కొత్తగా నేర్చుకున్న కబుర్లు మన కిరాణా కొట్లలో మొదటినుంచీ ఉన్నవే. ఫోన్లో సరుకులమ్మే కంపెనీలతో ధరలో మనం పోటీ పడలేం. "మీ ఆయనకి మోకాలు ఎలా ఉందమ్మా" అని అడగడంలో అవి మనతో పోటీ పడలేవు.

పిల్లలకు కూడా ఒక మాట. కొట్లో అమ్మ ధర అడుగుతుంటే "నీకు తెలీదులే అమ్మా" అని ఆపకండి. మీరు చులకన చేస్తే మా గుమాస్తాలూ చులకన చేస్తారు. అమ్మానాన్నల మందుల జాబితా తెలుగులో రాసి వాళ్ల సంచీలో పెట్టండి. మోసం జరిగిందని చెబితే ముందు కోప్పడకుండా వినండి. వినియోగదారుల ఫిర్యాదులకు 1915, పెద్దవాళ్లకు ఏ సాయం కావాలన్నా 14567. ఈ రెండు నంబర్లూ గోడ మీద పెద్దగా రాసి ఉంచండి.

వచ్చే ఒకటో తేదీన పింఛన్లు అందుతాయి. రెండో తేదీ నుంచే బజారుకొస్తారు. ఆలోగా కొట్టు ముందు కడ్డీ బిగించి, రెండు కుర్చీలు వేసి, గల్లాలో చిల్లర ఉంచి, "పది రూపాయల నాణేలు తీసుకుంటాం" అని తలుపు మీద రాయించండి. గుమాస్తాలను రెండో తేదీ ఉదయం ఒకసారి కూర్చోబెట్టి ఈ కాగితం చదివి వినిపించండి.

ఇట్లు,
బోస్ రోడ్డు వర్తకుడొకడు