'సహజం' అనే మాటలో దాగిన కులం

ఛాయా కదమ్‌ను మెచ్చుకునేవాళ్లు తరచూ అనే మాట: 'నటించినట్టే లేదు, ఎంత సహజమో!' నా పేచీ ఈ మెచ్చుకోలుతోనే.

నాగరాజ్ మంజుళే 'ఫండ్రీ' (2013)లో ఆమె పందుల్ని పట్టక తప్పని కైకాడి కుటుంబంలో తల్లి. 'లాపతా లేడీస్'లో మంజు మాయి: కూర్చుని తిని కొట్టే మొగుణ్ణీ కొడుకునూ వెళ్లగొట్టి, రైల్వే స్టేషన్లో టీ కొట్టు నడుపుకునే మనిషి. 2024లో కాన్‌లో గ్రాండ్ ప్రి గెలిచిన పాయల్ కపాడియా సినిమా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'లో ఆసుపత్రి వంటమనిషి పార్వతి: ఇంటికి కాగితాల్లేక బిల్డర్ చేతిలో గూడు పోగొట్టుకుంటూ, అతని హోర్డింగ్ మీదికి రాయి విసురుతుంది.

ముగ్గురూ కష్టజీవులే. ముగ్గురూ ఒకటి కాదు. ఆ తేడా చూపడమే ఆమె పని.

స్టార్ హీరోయిన్ ముఖానికి నలుపు పూసుకుని బస్తీ పిల్లగా వేస్తే అది 'సాధన'. ఛాయ శ్రామిక స్త్రీని నిలబెడితే 'సహజం'! మన అమ్మల నాట్లనూ, మన తాతల తోలుపనినీ నైపుణ్యం అనకుండా 'వాళ్లకు పుట్టుకతోనే వచ్చు' అన్న నోరే ఇది. పుట్టుకతో వచ్చిందంటే కూలి పెంచక్కర్లేదు, పేరు పైన వేయక్కర్లేదు.

మీ క్యాంపస్‌లో ఈ సినిమాలు వేయండి. చర్చలో ఎవరైనా 'సహజం' అంటే ఆపండి. ఆమె ఏం చేసిందో చెప్పమనండి.

జై భీమ్.